పడవ ముసుగుకి బొందు వేశాను

మా అల్లుడి ప్రాణం మీదికి వచ్చింది నా కుట్టు వల్ల. ముందే చెప్పేస్తున్నాను, ఎవరూ నన్ను వెనకేసుకు రానక్కరలేదు.

పెళ్లయిన నాటి నుంచి గుంటూరు మిరపయార్డులో గోతాలు కుట్టాను. దబ్బనం, పురికొస, రెండు మోకాళ్లు, అంతే నా విద్య. అక్షరాలు యాభై ఏళ్లు దాటాక దిద్దుకున్నాను, అదీ తెలుగే. అమ్మాయి నన్ను అమెరికాలో పార్సిప్పనీకి తెచ్చుకున్నాక కూడా చేతులు ఊరుకోలేదు. కర్టెన్లు, దిండు గలీబులు అన్నీ నేనే కుట్టేదాన్ని.

అల్లుడు కొన్న పడవ సన్నది, పైకప్పు లేనిది. కనూ అంటారు. దాని మీద నదిలో మూడు రోజులు పోవాలని అతని సరదా. అలలు ఎగిరి లోపల పడకుండా పైన పరిచే గుడ్డ ముసుగు షాపుల్లో ఉంటుంది గానీ, అతని పడవ కొలతకి దొరకలేదట. నేను కుడతానన్నాను. నీళ్లు పట్టని నైలాన్ గుడ్డ, టిచ్ బటన్లు, వెడల్పాటి ఎలాస్టిక్ తెచ్చి, ఎలా కుట్టాలో ఉన్న ఇంగ్లీషు కాగితం చదివి చెప్పాడు. ముసుగు మధ్యలో మనిషి కూర్చునే కంత. కంత చుట్టూ లంగాలాంటి గొట్టం నడుముని పట్టుకుని ఉండాలి. పడవ తిరగబడితే మాత్రం ఒక్క గుంజుకి వదిలేయాలి. అందుకే ఎలాస్టిక్.

ఆ మాట విన్నాను. వినలేదని అనను. కానీ గుంజితే వదిలే కుట్టు నేను జన్మలో వెయ్యలేదు. గోతం మూతి విడితే మేస్త్రీ పదిమందిలో నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఎలాస్టిక్‌ని సొరుగులో పడేసి, లంగాలకి వేసే నూలు బొందు దూర్చాను. అంచు రెండు వరసలు కుట్టాను. ఒక టిచ్ బటన్ చాలన్న చోట రెండు పెట్టాను.

అల్లుడు బొందు కొస వేలికి చుట్టుకుని కాసేపు చూశాడు.

"ఇది లంగా బొందు కదా అత్తయ్యగారూ?"

"మీ ఎలాస్టిక్ ఆర్నెల్లకి సాగుద్ది బాబూ. ఇది మీ మనవలక్కూడా పనికొస్తది."

నవ్వి, బాగా కుదిరిందన్నాడు. నాలుగు రోజులు నేల మీద కూర్చుని కుట్టడం చూశాడు మరి. అత్తగారి పనికి వంక పెట్టే మనిషి కాదు. పెట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్‌లో ఒక శనివారం దగ్గర్లోని లేక్‌కి వెళ్లాం. అల్లుడు, వేరే పడవతో అతని ఆఫీసు స్నేహితుడు, నేను. అమ్మాయి పిల్లలతో ఇంట్లో ఉండిపోయింది. బొందు జారుతోందని అల్లుడు ముడి మీద ముడి వేశాడు. యాభై అడుగులు పోయాక కావాలనే ఒక పక్కకి ఒరిగి పడవని తిప్పాడు. తిరగబడితే బయటికి రాగలడో లేదో చూసుకోవడానికి.

పడవ బోర్లా పడింది. మనిషి పైకి రాలేదు.

నూలు ముడి తడిస్తే గోళ్లకి లొంగదు. ఆ సంగతి ఆ ఒడ్డున నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. స్నేహితుడు నీళ్లలోకి దూకి చాకుతో గుడ్డ కోశాడు. నా రెండు వరసల కుట్టు దగ్గర చాకు ఆగిపోయింది. పక్కన మళ్లీ కోశాడు. లాక్కొచ్చేసరికి అల్లుడి మొహం నీలంగా ఉంది.

ఆసుపత్రిలో రెండు రోజులు గొంతులో గొట్టం. మూడో రోజు మాట వచ్చింది. అమ్మాయి మొదట అడిగింది ఎలాస్టిక్ ఏమైందని.

"నేనే వద్దన్నా. బొందు వెయ్యమంది నేనే," అన్నాడు, నా వైపు చూడకుండా.

ఊరుకుందామనే అనుకున్నాను. కూతురి ఇంట్లో ఉండేదాన్ని, ఊరుకుంటే నాకు పోయేదేమీ లేదు. కానీ అమ్మాయి అతన్ని తిట్టడం మొదలుపెట్టింది, బుద్ధుందా, ఇద్దరు పిల్లలు గుర్తు రాలేదా అని. ఆ బొంగురు గొంతుతో అతను సారీ చెబుతున్నాడు.

"అతన్ని అనకే," అన్నాను. "ఎలాస్టిక్ ఎందుకో చదివి మరీ చెప్పాడు. నేనే తీసి పడేశా."

"తెలిసే వేశావా అమ్మా?"

"తెలిసే. కుట్టు ఊడకూడదనుకున్నా."

అమ్మాయి తన కుర్చీని మంచానికి అవతలి వైపు జరుపుకుంది.

ఇప్పుడు అల్లుడు ఆఫీసుకి వెళ్తున్నాడు. మెట్లెక్కితే ఆయాసం. కనూ ఎవరికో ఇచ్చేశాడు. నాతో ఎప్పటిలాగే మాట్లాడతాడు. అమ్మాయి నాకు అన్నం పెడుతుంది, వేళకి మందులిస్తుంది. మొన్న చిన్నదాని గౌను అంచు ఊడితే పిన్నీసు పెట్టి స్కూలుకి పంపింది. నేను పక్క గదిలోనే ఉన్నాను.