చెవి చీల్చిన మేక తోలు

ఉనైసా పిడికిలి మేక చర్మానికీ మాంసానికీ మధ్య మోచేతిదాకా దిగి ఉంది. మెడ చుట్టూ మాత్రం కత్తితో కోసి, అక్కడినుంచి పిడికిలితో నెట్టుకుంటూ, చొక్కా విప్పినట్టు తోలును వెనక్కి ఒలుస్తోంది. నీళ్ళతిత్తికి తోలు అలాగే నిండుగా రావాలి. పొట్ట చీలిస్తే ఇక చెప్పులకే పనికొస్తుంది.

మక్కాకు వెనక, కొండల సందులో, ఆ నల్లమేక పొద్దున్నే దానంతటది చచ్చిపోయింది. దాని చెవులు రెండూ నిలువునా చీల్చి ఉన్నాయి. దేవతల పేరున వదిలిన మేక అది. అలాంటిదాని పాలు ఎవరూ పితకరు, దాన్ని కొయ్యరు, కట్టెయ్యరు. చచ్చినా ముట్టరు.

ఉనైసాకు ఆ దేవతల మీద నమ్మకం పోయి ఏడాదైంది. కానీ ఆమె చేతులు నలభై ఏళ్ళు వాళ్ళకు భయపడ్డ చేతులు. భుజం దగ్గర గట్టిగా అంటుకున్న పొరను కత్తితో విడదీస్తుంటే, చీలిన చెవి వచ్చి మణికట్టుకు తగిలింది. చెయ్యి అదిరింది. తోలుకు శనగగింజంత చిల్లు పడింది.

ఆమె ఆ చిల్లులోకి చిటికెనవేలు పెట్టి చూసుకుని, అలాగే కూర్చుండిపోయింది. ఇంకో తోలు దొరికే దారి లేదు.

రెండు రోజుల క్రితం ఆమె పాత యజమానుల తెగ కుర్రాళ్ళు నలుగురు ఇంట్లోకి వచ్చారు. ఈసారి మనుషుల జోలికి రాలేదు. గోడకు వేలాడుతున్న మూడు తిత్తులనూ అడ్డంగా కోసేసి, "ఇప్పుడు పొండి, ఎక్కడికి పోతారో" అని వెళ్ళిపోయారు. సముద్రం అవతల హబషా దేశంలో న్యాయం తెలిసిన రాజున్నాడని, వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళమని ప్రవక్త చెప్పిన సంగతి వాళ్ళకు ఎలాగో తెలిసింది. రేవుకు మూడు రోజుల నడక. బావుల దగ్గర మనుషుల్ని కాపలా పెట్టారు. ఒకే దేవుణ్ణి నమ్మినవాళ్ళకు బజారులో తిత్తి కాదు కదా, దాన్ని కుట్టే దారం కూడా అమ్మడం లేదు. ఉనైసా కూతురు సుఆద ఐదో నెల కడుపుతో ఉంది. ఇవాళ్టికి నాలుగో రోజు సాయంత్రం బయలుదేరే గుంపుతో కలవకపోతే మళ్ళీ ఓడ ఎప్పుడో ఎవరికీ తెలియదు.

ఒక తిత్తి నీళ్ళు ఇద్దరికి సరిపోతాయి. ఆ ఇద్దరూ సుఆద, ఆమె మొగుడు మిహ్జన్.

హబషా ఉనైసా పుట్టిన దేశం. పదేళ్ళ పిల్లప్పుడు ఎత్తుకొచ్చి ఉకాజ్ సంతలో అమ్మారు. కొన్న ఆవిడ తోలుపని తెలిసిన మనిషి; తిట్టేది, కొట్టేది, పని మాత్రం దాచుకోకుండా నేర్పింది. ఆవిడకు ఒక ఆడపిల్ల పుడితే, తండ్రి మూడో రోజే బతికుండగానే ఇసుకలో పాతించాడు. గుంత తీసింది పద్నాలుగేళ్ళ ఉనైసా. యజమానురాలు చనిపోతూ ఆమెను బానిసత్వంనుంచి విడిచిపెట్టింది. పెళ్ళయింది, మొగుడు పోయాడు, సుఆద మిగిలింది. అలా పాతిపెట్టిన పిల్లల తరఫున కూడా విచారణ జరిగే రోజు ఒకటుందని మిహ్జన్ ప్రవక్త దగ్గర విని వచ్చి ఇంట్లో చెప్పిన పూట, ఉనైసా చేతిలోని తోలు కుట్టే ఆరె పక్కన పెట్టి, "ఇంకోసారి చెప్పు" అంది. మర్నాటినుంచి ఆమె ఏ రాతికీ మొక్కలేదు.

ఇప్పుడు మేక తలను ఇసుకలో కప్పేసి, తోలును బుట్టలో పెట్టుకుని హర్మలా దగ్గరకు వెళ్ళింది. ఊళ్ళో తోలు కుళ్ళకుండా తుమ్మరసంలో ఊనబెట్టే గుంటలు అతనివే. పాత దేవతల మనిషి. ఉనైసాతో ముప్ఫై ఏళ్ళ పరిచయం, ముప్ఫై ఏళ్ళ కొట్లాట.

"వచ్చావా తల్లీ, ఒక్క దేవుడి దానా? ఆ ఒక్కడూ నీకు ఒక గుంట తవ్వివ్వలేదా?"

"తవ్విస్తే నీ మొహం చూడ్డానికి ఎందుకొస్తానన్నా. తుమ్మకాయలు కావాలి. చావిడి మూల చాలు."

హర్మలా తోలు తీసుకుని లోపలివైపు తిప్పాడు. వేలితో ఒకచోట రాశాడు. సన్నటి నరాలు నల్లగా, చెట్టుకొమ్మల్లా కనబడుతున్నాయి. కోసిన మేకకు నెత్తురు దిగిపోయి తోలు తెల్లగా వస్తుంది.

"ఇది కోసింది కాదు," అన్నాడు. గొంతు తగ్గింది. "చచ్చింది. ఈ ఊళ్ళో మేకను చచ్చేదాకా కొయ్యకుండా ఎవడుంచుతాడే?"

అతను తోలును నేలమీద పడేసి చేతులు ఇసుకతో తోముకున్నాడు.

"నా గుంటల్లో ఇది మునిగితే రేపు నాకు ఏమవుతుందో తెలుసా?"

"నాకేం కాలేదుగా. ఒలిచింది నేనే."

"నీకింకా పొద్దుగూకలేదు."

"అన్నా, గుంట వద్దు. గుంటలో పదిరోజులు పడుతుంది, నాకు మూడే ఉన్నాయి. సంచీలా కట్టి వేలాడదీసి రసం పోస్తాను. పిల్ల కడుపుతో ఉంది."

హర్మలా చావిడి వైపు వీపు తిప్పుకున్నాడు. "ముందే చిక్కటి రసం పొయ్యకు. పైపైన ఊని లోపల పచ్చిగా ఉండిపోతుంది. వాడేసిన నీళ్ళు ఆ కుండలో ఉన్నాయి. నేను ఇక్కడ లేను, నిన్ను చూడలేదు."

ఉనైసా తోలుకు మేక కాళ్ళ దగ్గరున్న రంధ్రాలు బిగించి కట్టింది. చిల్లును తాత్కాలికంగా మడిచి ముడివేసింది. వెంట్రుకలు తీసే వ్యవధి లేదు, అలాగే వదిలేసింది. దూలానికి వేలాడదీసి మొదటిరోజు పాతనీళ్ళు పోసింది, రెండోరోజు దంచిన తుమ్మకాయల రసం, మూడోరోజు ఇంకా చిక్కటిది. బరువుకు రసం తోలులోంచి చెమటలా ఊరి కింద కుండలో పడేది. పడ్డది పడ్డట్టు తీసి మళ్ళీ పైన పోసేది. కూర్చుని కునుకు తీయబోతే కుండ పొర్లేది.

రెండోరోజు సుఆద రొట్టెముక్క తెచ్చి, తిత్తిని చూసి, "ఒక్కటేనా అమ్మా?" అంది.

"ఒక్కటే దొరికింది."

"అయితే నేనూ పోను."

"నోరు ముయ్యి. నీ మొగుడు చెప్తే నవ్వుతూ వింటావు, నేను చెప్తే మాత్రం ఎదురుమాట."

"అది నీ దేశం. నాకక్కడ మాట కూడా రాదు."

"నాకూ మర్చిపోయింది," అంది ఉనైసా. అది అబద్ధం. కూతురికి తెలుసు. ఇద్దరూ రొట్టె తినలేదు.

నాలుగో రోజు పొద్దున తోలును కడిగి, ఉమ్మితో తడిపిన బొటనవేలు కోసిన అంచులమీద రాసి చూసింది. మెడ దగ్గర రంగు మధ్యదాకా వెళ్ళింది. తొడల దగ్గర ఇంకా సన్నటి పచ్చిగీత ఉంది. పదిరోజులు ఆగుతుంది, తర్వాత కుళ్ళుతుంది. పదిరోజులు చాలు. గొర్రెకొవ్వు పట్టించి నీళ్ళు నింపింది.

భుజం దగ్గర చిల్లు కారడం మొదలైంది. ముడి విప్పి పాత తిత్తి ముక్కతో మాటు వేసి కుట్టింది. కారింది. కుట్లు విప్పి, రెండు వరుసలు కుట్టింది. ఊనని తోలు సూదికి చిరిగి, శనగగింజంతది రేగుపండంత అయింది. ఈసారి ఆమె భయం దేవతలది కాదు. ఎండ చావిడిలో సగందాకా వచ్చేసింది.

"కుట్టకు," అన్నాడు హర్మలా. వీపు ఇంకా చావిడి వైపే ఉంది. "పచ్చితోలును ఎంత కుడితే అంత చిరుగుతుంది. నీకు నేర్పిన ఆవిడ చెప్పలేదా?"

ఉనైసా సూది పడేసింది. తుమ్మకొమ్మ విరిచి, నడుము సన్నంగా ఉండే గుండీలా ఒక బిరడా చెక్కింది. దాన్ని చిల్లులోకి దూర్చి, తోలు అంచును ఆ నడుము చుట్టూ కుచ్చెళ్ళుగా లాగి, తడిపిన నరంతో ఏడుచుట్లు బిగించింది. నరం ఆరేకొద్దీ ఇంకా బిగుస్తుంది. తిత్తిని నింపి మీద కూర్చుంది. కూతురి బరువెంతో అంత బరువుతో అదిమింది. చుక్క రాలేదు.

హర్మలా తిరిగి చూశాడు. దగ్గరకొచ్చి బిరడాను వేలితో తట్టాడు, దేవతల మేకని మర్చిపోయి.

పొద్దువాలాక మిహ్జన్ చావిడి వెనకకు వచ్చాడు. సుఆద కాస్త దూరంలో నిలబడింది. దగ్గరకొస్తే ఏడుస్తుందని తల్లే రావద్దంది.

"అత్తా, మేం ఎలాగో సర్దుకుంటాం, నువ్వూ..."

"మూడో మనిషికి నీళ్ళెక్కడివి బాబూ? విను. మొదటి రోజు నీళ్ళు చేదుగా ఉంటాయి, ఉమ్మెయ్యద్దు. బిరడా ఉన్నవైపు పైకి పెట్టుకో. రాతిమీద పెట్టకు, గుడ్డ పరువు. ముందు పిల్లకు పట్టు, తర్వాత నువ్వు."

తిత్తి మెడను రెండు చేతులతో ఎత్తి అతని భుజానికి తగిలించింది. పట్టీ సరిగా పడిందో లేదో లాగి చూసి, చేతులు వదిలేసింది.