నాడె లెక్కలో మెమరీ వేగం

ఆ రోజుల్లో నాకు దేవుడంటే భక్తి, దెయ్యమంటే అనుమానం, మా ప్రిన్సిపాల్ సారు కళ్ళద్దాలంటే మాత్రం ప్రాణభయం. ఎం.సి.ఎ. ముగించి, రోజూ ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోనిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి పాఠాలు చెప్పడానికి పోయేదాన్ని. (ఉద్యోగమని గట్టిగా అనడానికి లేదు. "కొన్నాళ్ళు చూస్తాము" అన్నారు.) ఆ చూడడమేమిటంటే, ఒకరోజు ప్రిన్సిపాల్ సారు వచ్చి వెనక బెంచీలో కూర్చుని మన పాఠం వింటారు. ఆయన వరండాలోకి వస్తే కాలేజీ మొత్తం గొంతు పడిపోయేది కాబట్టి పిల్లలు సైలెన్సర్ సారు అని పేరు పెట్టారు. స్టాఫ్ రూములో కెమిస్ట్రీ అక్క నా చెవిలో ఇంకో మాట వేసింది. "సారు పాఠం మధ్యలో కండ్లద్దాలు తీసి తుడిసినాడంటే అయిపోయినట్లే పాపా. నీకు ముందర వచ్చినాయన అట్లే ఇంటికి పోయినాడు." ఇంటికి పోవడం నాకు చిన్న సంగతి కాదు. మగ్గం నేసే మా నాయన అప్పటికే వీధి వీధంతా "మా పాప కాలేజీలో మేడమ్" అని చాటేశాడు. ఉద్యోగం పోతే బస్సు దిగి ఆ వీధిలోనే నడిచిపోవాలి.

నా పాలిట పడిన పాఠం, కంప్యూటర్ మెమరీ నుంచి సెకనుకు ఎంత సమాచారం బయటికి వస్తుందో లెక్క కట్టడం. లెక్క చిన్నదే. అప్పట్లో కొత్తగా వచ్చిన మెమరీకి సెకనుకు ఇరవై కోట్ల తాళాలు, అంటే గడియారం టిక్కుల్లాంటి దెబ్బలు. ఒక్కో తాళానికి సమాచారం రెండుసార్లు కదులుతుంది. ఇరవై కోట్లంటే రెండు వందల పది లక్షలు కాబట్టి, ఆ రెండు వందల్ని రెండుతో గుణించి, మెమరీ మీద నాలుగు వందలని రాసేవాళ్ళు. కదిలిన ప్రతిసారీ ఎనిమిది బైట్లు. నాలుగు వందలెనిమిదులు మూడు వేల రెండు వందల మెగాబైట్లు. అంతే. కానీ భయానికి ఆ అంతే కూడా బుర్రలో నిలవలేదు. సారు వచ్చే ముందురోజు మగ్గం పక్కన కూర్చుని వల్లె వేస్తుంటే, నాయన చేతిలో నూలు చుట్టిన నాడె పడుగు దారాల మధ్య నుంచి అటు పోయి ఒక పోగు, ఇటు వచ్చి ఒక పోగు వేస్తోంది. ఒక్క తాళానికి రెండుసార్లంటే ఇదే కదా అని ఎగిరి గంతేశాను. నాయన పని ఆపి, "ఏమైందమ్మా, తేలు కుట్టిందా?" అన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. తెరిచిన కిటికీల అవతల పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు గరగరమంటోంది, లోపల నా గుండె దానికి వంత పాడుతోంది. డస్టరునే నాడె చేసి బల్ల మీద అటూ ఇటూ తోశాను. పిల్లలు నవ్వారు. నాకూ కొంచెం ఊపిరి వచ్చింది. బోర్డు మీద నాలుగు వందలని రాసి, దాని పక్కన ఇంటూ రెండు, ఇంటూ ఎనిమిది అని వేసి, ఆరు వేల నాలుగు వందలని రాసి కింద గర్వంగా గీత గీశాను. వెనక్కి తిరిగేసరికి సారు కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుస్తున్నారు.

చాక్‌పీసు ఎప్పుడు విరిగిందో తెలియదు. అదే సమయానికి ముందు బెంచీ అమ్మాయి లేచింది. "మేడమ్, రెండుతో గుణిస్తేనే కదా నాలుగు వందలు వచ్చింది. మళ్ళా రెండు యాల?"

నెల రోజులుగా నేర్చుకున్న పుస్తకాల భాష కాస్తా గాలికి పోయి, నోట్లోంచి మా ఇల్లు ఊడిపడింది. "తప్పు నాదేనమ్మా. మా ఇంట్లో మగ్గముండాది. నాడె పోయి వస్తేనే మా నాయన ఒకటని లెక్కేస్తాడు. ఆయన నాలుగు వందలంటే ఎనిమిది వందల పోగులని మాకు పుట్టినప్పటినుంచి అలవాటు. మగ్గం లెక్క ఈడ ఏసినాను." పిల్లలు ఘొల్లుమన్నారు. నేను ఆ రెండును చెరిపి, మూడు వేల రెండు వందలు రాశాను. సారు మళ్ళీ అద్దాలు తుడుచుకున్నారు. రెండోసారి కూడానా, ఇక బస్సు టికెట్టే, అనుకున్నాను.

గంట కొట్టాక దగ్గరికి పిలిచారు. "యాల అట్ల వణుకుతాండావమ్మా? మాది పత్తి యాపారం. ఎంత తూకమొచ్చినా తరుగు తీసేదే మాకు తెలుసు. నువ్వు రెండింతలు చేసినావు, మా నాయన ఉంటే నిన్ను కాటా దగ్గరికి రానిచ్చేటోడు కాదు." నేను తల దించుకున్నాను. "రేపట్నుంచి రెండో సంవత్సరం పిల్లోళ్ళకు కూడా నువ్వే చెప్పు. ముందు ఆ కిటికీ ముయ్యి. మిల్లు దూదంతా నా అద్దాల మీదనే పడతాంది." (ముందర పోయినాయనకు బెంగళూరులో మంచి ఉద్యోగం దొరికి పోయాడట. కెమిస్ట్రీ అక్క ఆ సంగతి తర్వాత తీరిగ్గా చెప్పింది.)

ఇప్పుడు ఆ వెనక బెంచీ నాది. నాకూ అద్దాలొచ్చాయి. మెమరీ వేగం ఎన్నో ఇంతలు పెరిగింది, కిటికీలోంచి వచ్చే దూది మాత్రం తగ్గలేదు. కొత్తగా చేరినవాళ్ళు బోర్డు దగ్గర వణుకుతుంటే, దూది ఎంత వాలినా నేను అద్దాలు తుడవను. మసక మసకగానే చూసి తల ఊపుతాను. మొన్న అట్లా తల ఊపి బయటికి వచ్చానో లేదో, ఇద్దరు పిల్లలు వెంటపడ్డారు. "మేడమ్, లెక్క తప్పు. కొత్త మేడమ్ రెండుతో రెండుసార్లు గుణించింది." ఆ కొత్తమ్మాయి వాళ్ళింట్లో మగ్గముందేమో అడగాలి. ముందు టీ తాగించి అడుగుతాను, పాపం, భయపడుతుంది.