పేరు లేని గోలి

మందుల దుకాణం కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అల్మారాల నిండా పెట్టెలు, ప్రతి పెట్టె మీదా ఒక పేరు. నా భార్య చేతి వేళ్లను విప్పిన గోలికి మాత్రం పేరు లేదు. రెండు అక్షరాలు, వాటి పక్కన నాలుగు అంకెలు, లారీ నెంబరు లాగా. ఆ నెంబరు పట్టుకుని కేసముద్రం నుంచి వరంగల్ దాకా నూరు దుకాణాలు తిరిగాను. నూరు కాదు, నాలుగు. నాలుగో దుకాణం ఆయన చీటీ చూసి నవ్వాడు. ఐదో దుకాణం మెట్టు ఎక్కడానికి నాకు మొహం చెల్లలేదు.

కేసముద్రం మార్కెట్ యార్డులో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం నడిపిన మనిషిని. పది బస్తాలొస్తే బండెడు సరుకొచ్చిందని చెప్పుకోవడం మా వృత్తిలో ఊపిరి పీల్చుకున్నంత సహజం. ఈ రాతలో కూడా చెయ్యి అలవాటుగా పెంచేస్తుంది. పెంచిన చోట నేనే తగ్గించుకుంటాను. కోపం మాత్రం తగ్గించను.

నా భార్యది కీళ్లవాతం. వయసుకు వచ్చే అరుగుదల కాదు. ఒంటికి కావలి కాయాల్సిన వాళ్లే తిరగబడి సొంత కీళ్లను కొట్టే జబ్బని జనగామలో మేం చూపించుకునే డాక్టరు చెప్పాడు. పొద్దున లేస్తే ఆమె పిడికిలి విడదు. రైక హుక్కులు నేనే పెట్టేవాణ్ని. ఒకటి విడిచి ఒకటి పెడతానని తిట్లు తినేవాణ్ని. టేకుమట్లలో ఉండే ఆమె చెల్లెలికీ ఇదే జబ్బు. ఆ మరదలికి మొగుడు పోయాడు. నెలకోసారి నేను వెళ్లి ఆమె పత్తి చేను సంగతులు చూసి వచ్చేవాణ్ని.

ఇంకా అమ్మకానికి రాని మందు ఒకటి ఉందని, దాన్ని మనుషుల మీద పరీక్షిస్తున్నారని డాక్టరు ఒకరోజు చెప్పాడు. కొందరికి అసలు గోలి, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్త గోలి ఇస్తారట. ఎవరికి ఏది పోయిందో వేసుకున్నవాళ్లకూ తెలియదు, ఇచ్చిన డాక్టరుకూ తెలియదు. ఈమె సరేనంది. రక్తం తీశారు, కాలేయం చూశారు, ఛాతీకి ఎక్స్‌రే తీశారు. చేతికి నొప్పయితే ఛాతీకి ఫొటో ఏందని నేను ఎగిరాను. డాక్టరు ఓపికగా చెప్పాడు. ఈ మందు నేరుగా కీలుకు పోయి పనిచేయదు. కావలివాళ్లను రెచ్చగొట్టే కబురు ఒకటి వాళ్ల లోపల ఒకరి నుంచి ఒకరికి అందుతూ ఉంటుంది. గోలి ఆ కబురును మధ్యలో తుంచేస్తుంది. దాంతో వాళ్లు కీళ్ల జోలికి రారు. కాని వాళ్లు మెత్తబడ్డారంటే అన్ని చోట్లా మెత్తబడతారు. ఊపిరితిత్తుల్లో ఏళ్ల కిందటి టీబీ ఏమన్నా సద్దుమణిగి పడుకుని ఉంటే అది లేచి కూర్చోవచ్చు. అందుకే ముందుగా చూసుకుంటారు. గోలీలు ఇంకెవరికీ ఇవ్వొద్దని కూడా చెప్పాడు. ఈమె తల ఊపింది. నేనూ ఊపాను.

నెల దాటేసరికి ఒక పొద్దున ఆమె హుక్కులు ఆమే పెట్టుకుంది. నా భార్య వడ్ల బస్తా ఎత్తి అటక మీద వేసిందని యార్డంతా చెప్పాను. ఎత్తింది పప్పు గిన్నె. అయినా ఆ మాట టేకుమట్లకు చేరింది. మరదలు బస్సులు మారి వచ్చింది. మంచం మీద కూర్చుని అక్క చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే వంచి చూసింది.

చిన్నప్పటి నుంచీ ఆ ఇద్దరి మధ్య ఒక రివాజు ఉంది. ఇంటికి జామకాయ వచ్చినా, బెల్లం ముక్క వచ్చినా రెండు సగాలు కావాల్సిందే. ఆ రివాజు ప్రకారమే నా భార్య రోజూ అడకత్తెరతో గోలిని రెండు చేసింది. సగం తను మింగింది, సగం చెల్లెలికి పంపే వక్కపొడి డబ్బాలో అడుగున దాచింది. ఆ డబ్బా ప్రతి నెలా టేకుమట్లకు మోసింది నేను. నాకు వక్క అలవాటు లేదు. మూత తీసి చూసే పని పడలేదు.

జనగామలో ఖాళీ సీసాలు లెక్క చూసుకునేవాళ్లు. లెక్క ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. మింగేదే సగమని వాళ్లకేం తెలుసు? తేడా ఆమె చేతిలో కనపడింది. పూర్తిగా విడిన వేళ్లు కొన్ని పొద్దుల్లో మళ్లీ కొంచెం బిగుసుకునేవి. మీ మందులో దమ్ము లేదని డాక్టరు బల్ల మీద గుద్ది అడిగాను. గుద్దలేదు. బల్లకు అద్దం ఉంది. చెయ్యి ఆనించి అడిగాను. ఆయన పరేషానై ఆమెనే అడిగాడు, రోజూ వేసుకుంటున్నావా అమ్మా అని. రోజూ వేసుకుంటున్నానంది. అబద్ధమేం కాదు.

పత్తి తీసే రోజుల్లో నేను టేకుమట్ల నుంచి వచ్చి, నీ చెల్లె ఎండిపోయింది, చేనులో నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడుతోందని చెప్పాను. నా భార్య బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట కింద పెట్టింది.

"దగ్గుతున్నదా?"

"దగ్గుతున్నది."

"పొద్దుగూకితే జొరం వస్తున్నదా?"

వస్తున్నదని చెప్పాను. అప్పుడు ఆమె వక్క డబ్బా సంగతి మొత్తం చెప్పింది. నేను అరిచిన అరుపుకు రైల్వే స్టేషను దాకా కుక్కలు లేచాయని రాద్దామనుకున్నాను. కుక్కలు లేవలేదు. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసింది, అంతే.

అరిచి అరిచి అలిసిపోయాక నాలోని వ్యాపారి నిద్రలేచాడు. మరదల్ని భూపాలపల్లి సర్కారు దవాఖానకు తీసుకుపోదాం, దగ్గని చెబుదాం, వాళ్లే పరీక్ష చేసుకుంటారు. గోలి మాట ఎత్తకపోతే ఆమెకు వైద్యం అందుతుంది, నీకు గోలి ఉంటుంది. ఇట్లా బేరం పెట్టాను.

"లోపల ఏం మందు వడ్డదో చెప్పకుంటే ఆళ్లెట్ల సూస్తరు? చీకట్ల రాళ్లేసినట్టు ఏస్తరా?" అంది.

"చెప్తే నీ గోలి బందైతది. నీ చెయ్యి మళ్ల ముడుచుకుంటది. ఎర్కేనా?"

"ఎర్కే. దాని ఊపిరి పోతే నా చెయ్యి సాపుంటే ఎంత, లేకుంటే ఎంత?" అని, నా మొహం చూసి, "హుక్కులు జర సక్కగ పెట్టుడు నేర్సుకో" అంది.

మర్నాడే జనగామ పోయాం. డాక్టరు కేకలు వేస్తే తిరిగి వేయడానికి రైల్లో మాటలన్నీ పేర్చుకున్నాను. ఆయన కేకలు వేయలేదు. దాంతో నా కోపం ఇంకా పెరిగింది. చెల్లెలు ఎక్కడుంది, ఈ రోజు నుంచే గోలి ఆపమనండి, ముందు ఫోన్ చేయండి అన్నాడు. నేను మరదలికి ఫోన్ చేస్తుంటే ఆయన ఇంకెవరితోనో ఫోన్లో మాట్లాడాడు. ఈమెకు పోయింది అసలు మందా, ఉత్త గోలా అన్న గుట్టును, ప్రాణం మీదికి వస్తే విప్పడానికి వీలుంటుందట. విప్పారు. అసలు మందే.

నా భార్య మొహం వెలిగిపోయింది. "అంటే నా చెయ్యి నిజంగనే సాపయింది. నా బుగులు ఏందంటే, నేనే అట్ల అనుకున్ననేమో అని." ఆ వెలుగు చూసి నాకు ఎవరినన్నా కొట్టాలనిపించింది. ఆ మాటకే డాక్టరు తల వంచుకుని, గోలి పంచుకున్నారు కాబట్టి ఇక నుంచి మీకు కూడా ఆపాలమ్మా అన్నాడు.

భూపాలపల్లిలో మరదలి కళ్లె పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు. టీబీయే. ఆరునెలల కోర్సు మొదలుపెట్టారు. ఆ గోలీలకు పేర్లున్నాయి. సర్కారే ఇస్తుంది. వేసుకుంటోంది, తేరుకుంటోంది. అక్క చెయ్యి తనవల్లే పోయిందని ఫోన్లో ఏడుస్తుంది. అక్క తిడుతుంది.

నేను మాత్రం జనగామ డాక్టరును వదలలేదు. టీబీని లేపింది మీ మందేనా అని అడిగాను. కావచ్చు, దానంతట అదే లేచి ఉండవచ్చు, గట్టిగా చెప్పలేనన్నాడు. మందు తయారుచేసేవాళ్లకు తప్పకుండా రాస్తానన్నాడు. కాని పరీక్ష ఫలితాల్లోకి పరీక్షలో ఉన్నవాళ్లే వస్తారట.

"నా మరదలివి ఊపిరితిత్తులు కావా సారూ?"

"అవే పెద్దాయనా. కానీ ఆమెను ముందుగా మేం చూడలేదు. ఎన్ని సగాలు వేసుకుందో మనకు తెలియదు. తెలియని దాన్ని లెక్కలో ఎట్లా కలపను?"

ఆయన చెప్పింది సరైన మాట. సరైన మాట చెప్పిన మనిషి మీద వచ్చే కోపం ఉందే, అది మహా చెడ్డది. దానికి పోవడానికి చోటు ఉండదు. తిట్టడానికి నాకొక దొంగ కావాలి. డాక్టరు దొంగ కాడు. నా భార్య కాదు. మరదలు కాదు. పనిచేసే మందు కళ్ల ముందు పనిచేసి, ఒక సీసాలో ఉండి, దొరకదు. దుకాణాలకు ఎప్పుడొస్తుందని అడిగితే ఏళ్లు పట్టవచ్చు, అసలు రాకపోవచ్చు అంటాడు. ఎవరి అంగీ గల్లా పట్టుకోను?

మందు నాలుగు రోజుల్లోనే ఒంట్లోంచి వెళ్లిపోయిందట, సగం, సగంలో సగం, అట్లా. వేళ్లకు ఆ కబురు ఆలస్యంగా అందింది. కొన్ని వారాలు ఆమె హుక్కులు ఆమే పెట్టుకుంది. తర్వాత ఒక్కో వేలు లోపలికి తిరిగింది.

ఆఖరిసారి రక్తం ఇచ్చి పొమ్మని జనగామ నుంచి ఫోన్ వచ్చింది. మందు ఏదైనా చెడు మిగిల్చి పోయిందేమో చూస్తారట. మన దగ్గర గుంజుకున్నది చాలలేదా, పోవద్దన్నాను. ఆమె చీర కట్టుకుంది. నేను హుక్కులు పెట్టాను, తిడుతూనే.

రక్తం తీసే అమ్మాయి చేతికి రబ్బరు కట్టి, అలవాటు కొద్దీ పిడికిలి బిగించమంది. సూది దిగాక వదులు చేయమంది.

"బిగించుడు వచ్చు బిడ్డా, ఇడుసుడే రాదు" అంది నా భార్య.

వచ్చేటప్పుడు జనగామ స్టేషన్లో రైలు ఆలస్యమైంది. ఉడకబెట్టిన పల్లికాయలు కొన్నాను. నేను డాక్టరును, కంపెనీని, రైలును కలిపి ప్లాట్‌ఫారమంతా వినపడేట్టు తిడుతున్నాను. వినపడేట్టు కాదు, ఆమెకు వినపడేట్టు. ఆమె కాసేపు విని, నోరు తిరుగుతుంటే తిరగనీ గాని చేతులు ఊకెనే ఉన్నయి గద, ఒలువుమంది. ఒలిచాను. గింజలు ఆమె నోట్లో పెడుతూ, తిట్టడం ఆపలేదు.