గుమ్మడి పిందెలూ మంగ పిన్ని కళ్ళూ

గుమ్మడి ఆకుని వేళ్ళ మధ్య నలిపితే ఒక పచ్చి వాసన వస్తుంది. దోసకాయ చెక్కు తీసినప్పటి వాసనకి దగ్గరగా ఉంటుంది కానీ అది కాదు. కొంచెం మట్టి, కొంచెం మంచు, ఆకు మీది నూగు గుచ్చుకున్న దురద కూడా అందులో కలిసి ఉంటాయి. కార్తీకం వెళ్ళిపోయి, ధనుర్మాసం నెల పట్టడానికి ఇంకా కొన్నాళ్ళున్న ఈ రోజుల్లో, అమలాపురంలో మా ఇంటి వెనక ప్రహరీ మీదికి పాకించిన పాదు దగ్గర పొద్దున్నే నిలబడి ఎండుటాకులు తుంచుతుంటే ఆ వాసన చేతికి అంటుకుంది. వెంటనే నేను చేసిన పని, ఎవరైనా చూస్తున్నారేమోనని తల తిప్పి వీధి వైపు చూడడం. ఎదురింటావిడ డాబా మీద బట్టలు ఆరేస్తోంది. ఆరేసేది బట్టలే గాని చూపు ఎటుందో నాకెలా తెలుస్తుంది? ఈ బుద్ధి నాకు మా మామ్మ దగ్గర్నించి వచ్చింది. మా పెద్దమ్మాయి పురిటికొచ్చి ఇంట్లో మూడో నెల మనవరాలు ఉంది కాబట్టి ఈ మధ్య కాస్త ముదిరింది కూడా.

మామ్మ అంటే మా నాన్నగారి తల్లి. ముక్తేశ్వరం దగ్గర మా ఊళ్ళో ఇంటి వెనక పెద్ద దొడ్డి ఉండేది, దాని మీద పెత్తనమంతా ఆవిడదే. కొబ్బరిచెట్ల నీడలో అరటి గుబుర్లు, వాటి మొదట్లో కందా చేమా, బావి గట్టు పక్కన బచ్చలి, పందిరి నిండా చిక్కుడు, తిన్నగా సాగాలని కొసకి రాయి కట్టి వేలాడదీసిన పొట్లకాయలు, గోడవారన ముద్దబంతులు, వాటి ముందు వరసగా డిసెంబరు పూల మొక్కలు, ఇంకా పశువుల పాక మీదికి ఎగబాకి తాటాకు కనిపించకుండా కప్పేసిన గుమ్మడిపాదు. చలి మొదలయ్యే ఆ రోజుల్లో కొబ్బరాకుల మీంచి మంచు టపటపా పడుతుండేది. పాతర తవ్వి తీసిన తేగలు కుండలో కాలుతున్న వాసన, చిక్కుడుకాయల్లో కొబ్బరికోరు వేసి దించిన కూర వాసన, చలికి పగిలిన కాళ్ళకి మా అమ్మ పట్టించే కొబ్బరినూనె వాసన, అర్ధ సంవత్సరం పరీక్షల భయం, అవి అయిపోతే వచ్చే పండగ సెలవుల మీద ఆశ, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడేవి.

అంత పచ్చదనం మధ్య మామ్మ కాపలా జవానులా తిరిగేది. ఆవిడకి మనుషుల మీద కన్నా మనుషుల కళ్ళ మీద అనుమానం, కళ్ళ కన్నా వేళ్ళ మీద ఇంకా అనుమానం. కరివేపాకు కోసం వచ్చినవాళ్ళు దడి అవతలే నిలబడాలి, రెబ్బ ఈవిడే తుంచి ఇవ్వాలి. కొబ్బరి దింపు తీయడానికి వచ్చినవాళ్ళు చెట్టు వైపు తప్ప పందిరి వైపు చూడకూడదు. చిక్కుడు పందిరికి ఒక తెగిన చెప్పూ, బంతిమొక్కల మధ్య సున్నం బొట్లు పెట్టిన మసికుండా ఉండేవి. అన్నిటికన్నా పెద్ద చట్టం పిందెలది. పిందెని వేలు చాపి చూపించకూడదు, చూపిస్తే కుళ్ళిపోతుంది. చూపించక తప్పదంటే వేలు మడిచి చూపించాలి. పొరపాటున చాపితే అప్పటికప్పుడు ఆ వేలు కొరుక్కోవాలి. మేం పిల్లలం దీన్ని ఆట చేసేసుకున్నాం. మోచేత్తో చూపించేవాళ్ళం, గెడ్డంతో చూపించేవాళ్ళం, నాలుక బయటపెట్టి నాలుకతో చూపించేవాళ్ళం. మామ్మ మాత్రం నవ్వేది కాదు.

తాతయ్య పోయిన ఏడాది ఆ చట్టం ఇంకా బిగిసింది. ఆషాఢంలో గుమ్మడి గింజలు ఆయనే తన చేత్తో పెట్టారు, శ్రావణం దాటకుండానే పోయారు. ఏడాది లోపు మాకు పండగ లేదు. అయినా సంక్రాంతికి పెద్దలకి పెట్టుకునే రోజున ఆయన పేరు మీద పెట్టాలి, అందులో ఆయన పెట్టిన పాదుకి కాసిన కాయే వండాలి అని మామ్మ మనసులో కూర్చుంది. బజారులో బండెడు గుమ్మడికాయలు దొరుకుతాయని నాన్నగారు అంటే ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. రోజూ పొద్దున్నే పాక దగ్గరికి వెళ్ళి, ఆకులు ఎత్తి చూసి, మళ్ళీ కప్పేసి, ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూసుకుని వచ్చేది.

మా పక్కింట్లో మంగ పిన్ని ఉండేది. మాకు చుట్టం కాదు, వరసకి పిన్ని. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లల్లేరు. కుట్టుమిషను మీద వీధిలో అందరికీ జాకెట్లు కుట్టేది, ఎవరింట్లో బిడ్డ పుట్టినా అడక్కుండానే ఒక బుల్లి చొక్కా కుట్టి పట్టుకెళ్ళేది. నా జడ ఆవిడే వేసేది. డిసెంబరు పూలు తొడిమల దగ్గర మెలిపెట్టి, దారం అక్కర్లేకుండా ఒకదానిలో ఒకటి అల్లి జడలో పెడితే బళ్ళో అందరూ నా వెనకే నడిచేవారు. ఆవిడ ఒడిలో తల పెట్టుకుంటే సబ్బు వాసనా, మిషను నూనె వాసనా కలిసి వచ్చేవి. నాకు అమ్మ తర్వాత ఆవిడే.

ఒకరోజు పొద్దున్న పిన్ని పొట్టిక్కలు పట్టుకుని దొడ్డిదారిన వచ్చింది. పనసాకుల బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలవి, ఇంకా పొగలు కక్కుతున్నాయి. పాక దగ్గర ఆగి పైకి చూసింది.

“అబ్బో! ఎన్ని పిందెలేసిందండీ అత్తయ్యగారూ! ఆ మూలన ఉన్నది చూసేరా, ఎంత ముద్దొస్తోందో!” అంటూ వేలు చాపింది, తిన్నగా.

“వేలు దించమ్మా మంగా,” అంది మామ్మ.

“అయ్యో, మర్చిపోయేనండీ,” అని పిన్ని నవ్వుతూ వేలు కొరుక్కుంది. మామ్మ పొట్టిక్కలు తీసుకుంది గాని ముట్టలేదు. నేను తిన్నాను, నాలుగు.

మర్నాడే వాయుగుండం పట్టింది. ముసురు తెరిపి లేకుండా కురిసి, బంతిమొక్కలు నేలకి వాలిపోయాయి, దొడ్డంతా చిత్తడైంది. వాన వెలిసి చూస్తే గుమ్మడి పిందెలు పసుపు పచ్చగా తిరిగిపోయి, ముట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చేస్తున్నాయి. పాక మూలన ఉన్నది అన్నిటికన్నా ముందు రాలింది.

“ఆవిడ కళ్ళు మంచివి కావు,” అంది మామ్మ.

“వానకి రాలిపోయేయేమోనండీ,” అంది అమ్మ, కాస్త భయపడుతూనే.

“వాన చిక్కుడు మీద పళ్ళేదా? పొట్ల మీద పళ్ళేదా? ఈ పాదు మీదే పడిందా?”

మామ్మ ఊరుకోలేదు. తాతయ్య పాత పంచె పీలికలుగా చింపి, నిచ్చెన వేయించుకుని, పాదంతా వెతికి, కొత్తగా వేసిన ప్రతి పిందెనీ దాని కొసనున్న ఇంకా విప్పుకోని మొగ్గతో సహా గుడ్డలో చుట్టి దారంతో కట్టేసింది. పాక మీద తెల్లటి మూటలు. వాటిని చూస్తే నాకెందుకో ఏడుపొచ్చేది. వారం తిరక్కుండా ఆ మూటల్లోని పిందెలు కూడా పండిపోయి రాలాయి. మామ్మ ఒక మూట విప్పి, కుళ్ళిన పిందెని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. “గుడ్డ చుట్టినా తగిలిందంటే అదెంత చూపో చూడు!” అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి, అవి దొంగ నీళ్ళు కావు. తాతయ్యకి పెట్టుకోవలసిన కాయ పోయింది ఆవిడకి. అందుకే ఆ మాట వీధిలో ఎవరికీ అబద్ధంలా వినిపించలేదు.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు, అలాగని అనుమానం పోనూ లేదు. జడ వేయించుకుంటూ అద్దంలోంచి పిన్ని కళ్ళనే చూసేదాన్ని. మామూలు కళ్ళే, కాటుక పెట్టుకున్న కళ్ళు. చివరికి ఒక పరీక్ష పెట్టాను. మా చేమంతి కుండీలో ఒక మొగ్గ ఉంటే దాన్ని మోసుకెళ్ళి పిన్ని ముందు పెట్టి, బాగుందా లేదా చూసి చెప్పమన్నాను. ఆవిడ వంగి శ్రద్ధగా చూసింది. రెండు రోజులకి అది రూపాయి బిళ్ళంత పువ్వై విప్పుకుంది. పరుగున వెళ్ళి మామ్మకి చెప్పాను.

“పూలకి తగల్దే, కాయలకే తగుల్తుంది,” అంది ఆవిడ, ఒత్తులు చేసుకుంటూ.

అనుమానం దగ్గర జవాబు లేని ప్రశ్న ఉండదని నాకు అప్పుడే తెలియాల్సింది.

ఆ నెలలోనే వీధి చివరింట్లో బారసాల జరిగింది. పిన్ని బుల్లి చొక్కా కాగితంలో చుట్టుకుని వెళ్ళింది. మామ్మ ముందే వెళ్ళి ఆ ఇంటి పెద్దావిడ చెవిలో ఏదో చెప్పింది. పిన్నిని వీధి అరుగు మీదే కూర్చోబెట్టి, “చంటిది పడుకుందమ్మా, తర్వాత చూద్దువుగాని,” అన్నారు. లోపల చంటిది ఏడుస్తున్న ఏడుపు అరుగు మీదికి వినిపిస్తూనే ఉంది. పిన్ని ఆ కాగితం పొట్లం ఎవరి చేతికో ఇచ్చి, తాంబూలం తీసుకుని ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత వీధిలో ఆవిడని ఎవరూ ఏమీ అనలేదు, చంటిపిల్లలున్న తలుపులు మాత్రం ఆవిడ వస్తుంటే దగ్గరగా వేసేవారు.

మా వైపు ఆడవాళ్ళు ప్రతి వీధి నుంచీ ఇళ్ళలో పనికి కువైట్ వెళ్తున్న రోజులవి. పండగ సెలవులు ఇవ్వకముందే పిన్ని కూడా వెళ్ళిపోయింది. వెళ్ళే రోజున దడి అవతలే నిలబడి, “వెళ్ళొస్తానండీ అత్తయ్యగారూ,” అంది. తల ఎత్తలేదు. నా దగ్గర సెలవు తీసుకునేటప్పుడు కూడా నేల వైపే చూసింది. తప్పు చేసినవాళ్ళు అలా చూస్తారని బళ్ళో మేష్టారు అనేవారు. అందుకని, ఆవిడ వెళ్ళిపోతుంటే దుఃఖం ఆగకపోయినా, ఎక్కడో ఒక మూల మామ్మ అన్నది నిజమేనేమో అనుకున్నాను. పెద్దలకి పెట్టుకునే రోజున బజారు గుమ్మడికాయే వండారు. మామ్మ అన్నం ముట్టలేదు.

ఇప్పుడు మామ్మ లేదు. ఆ దొడ్డి ముక్కలై అందులో మూడు డాబాలు లేచాయి. మా వీధిలో తేగలు కాల్చేవాళ్ళు లేరు, డిసెంబరు పూలు జడలో పెట్టుకునేవాళ్ళూ లేరు. వేలు మడిచి చూపించడమంటే ఏమిటో మా పెద్దమ్మాయికి తెలియదు. నాకు తెలుసు, అందుకే ఈ కార్తీకంలో నా పాదుకి తొలి పిందెలు రాలినప్పుడు ఎదురింటావిడని తిట్టుకుంటూ మామ్మలాగే గుడ్డలు చుట్టాను. అవీ రాలాయి. నేను విసుక్కుంటుంటే మా అమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో పెట్టి చూపించింది. గుమ్మడిలో మగపువ్వులూ ఆడపువ్వులూ వేరట. ఆడపువ్వు విప్పుకున్న పొద్దున మగపువ్వు పుప్పొడి తేనెటీగ మోసుకొచ్చి దాని మీద వేయకపోతే పిందె నిలవదట. ముసురు పడితే తేనెటీగ రాదు. మొగ్గ మీద గుడ్డ చుడితే అసలే రాదు. మగపువ్వు తుంచి నా చేత్తోనే ఆడపువ్వుకి రుద్దాను, పిందె నిలబడింది. అది గుప్పెడైన రోజున, పాదు పక్కనే కూలబడి, మామ్మ మూటలన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. వాన రాల్చినవి కొన్ని, మామ్మ చుట్టి చంపినవి మిగతావి. మంగ పిన్ని చేసిందల్లా ముద్దొచ్చిందని చెప్పడం.

ఆవిడ తిరిగొచ్చి తమ్ముడింట్లో ఉంటోందని విన్నాను. మొన్న బజారులో కనిపించింది. జుట్టు తెల్లబడింది, కూరలు ఏరుతూ తల దించుకునే ఉంది. ఈ సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టేలా లేదు. చెయ్యి పట్టుకుని ఆటోలో ఇంటికి తీసుకొచ్చాను. పాదు దగ్గరికి రమ్మంటే రాలేదు, గోడ పక్కనే ఆగిపోయింది. నేను తేనెటీగ సంగతీ, వాన సంగతీ, గుడ్డల సంగతీ అన్నీ చెప్పాను.

“ఆయ్. అలాగా అమ్మా,” అంది. కూరల సంచీ చెయ్యి మార్చుకుని, “మీ మామ్మగారు ఊరికే అన్లేదులే బుల్లీ, పెద్దావిడ. కువైట్‌లో చంటిపిల్లని ఎత్తుకునే పనన్నారు. వద్దండీ, వంటింట్లో పెట్టండని బతిమాలేను. నా మూలాన పసిదానికి ఏదన్నా అయితే? మా తమ్ముడి మనవల్ని కూడా నడక వచ్చేకే చూసేను,” అంది, ఎవరి గురించో చెబుతున్నట్టు మామూలుగా.

మామ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. అదంతా అబద్ధం పిన్నీ అనబోతున్నాను. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి, “అమ్మా, ఇది ఎంతకీ ఊరుకోవట్లేదు,” అంటూ పాపని ఎత్తుకుని పెరట్లోకి వచ్చింది. పిన్ని చప్పున గోడ వైపు తిరిగిపోయింది, ఎన్నో ఏళ్ళ అలవాటు ఉన్నదానిలా. నేను పాపని అందుకున్నాను. ‘ఇటు చూడండి పిన్నీ, ఎత్తుకోండి’ అన్న మాట నోటిదాకా వచ్చింది. అంతసేపూ తేనెటీగ కథ చెప్పిన నోరే అది, కానీ ఆ మాట పెగల్లేదు.

“వెళ్ళొస్తాను బుల్లీ,” అంది పిన్ని, గోడ వైపు చూస్తూనే.

ఆవిడ గేటు దాటి వీధి మలుపు తిరిగేదాకా నేను పాప ముఖం మీద కప్పిన కొంగు తీయలేదు.