నాయన కెమెరా, అవ్వ ఫోటో

మా చిన్నతనాన ఒకరోజు... కుందుర్పి దారిలో సైకిలు చైను తెగి నాయన బోర్లా పడ్డాడు. వెనక క్యారియర్ మీద నేను. నా మోకాలు చీరుకుపోయింది. నాయన మెడలోని కెమెరా రాయికి తగిలి, ఎగిరి ఇసుకలో పడింది.

ముందు నన్ను లేపాడు, తర్వాత కెమెరాను. పైన పెద్ద సొట్ట. నోటితో ఉఫ్ అని ఊది, పంచె కొసతో తుడిచి, మీట నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. టక్ మంది.

"దీనికేం కాలేదు పాపా. పద, పెండ్లికి టైమయితాంది."

ఆ పెళ్ళీ దానితోనే తీశాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు దానితోనే తీశాడు.

నాయనకు స్టూడియో లేదు. ఒక కెమెరా, ఒక సైకిలు... అంతే. పెళ్ళిళ్ళు, పుట్టెంట్రుకలు, రేషన్ కార్డు ఫోటోలు. వాన రాని ఏడు ఎండిన శెనక్కాయ చేలో రైతును నిలబెట్టి, కరువు సాయం కోసం ఆఫీసరుకు చూపించుకోవడానికి ఒక ఫోటో. మనిషి పోతే కుర్చీలో కూర్చోబెట్టి ఆఖరి ఫోటో. ఎండకు రీళ్ళు పాడవకూడదని అమ్మ వాటిని నీళ్ళ కడవ పక్కన ఇసుకలో పెట్టేది. కెమెరాకు మాత్రం ఏ మర్యాదా అక్కర్లేదు... మేకుకు తగిలిస్తే చాలు.

నేను ఇంటర్ చదవడానికి అనంతపురం పోయాను. అక్కడ స్నేహితురాళ్ళ ఇళ్ళలో అరచేతిలో పట్టే డిజిటల్ కెమెరాలు. "మీ నాయనది ఇంకా రీలు కెమెరానా?" అని నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది.

ఇంటికొచ్చి పోరు పెట్టాను.

"నాయనా, ఇప్పుడు ఎవురూ రీలు అడగరు. తీసిన ఎంటనే చూడొచ్చు దాంట్లో."

"ఇది బాగానే ఉండాది కదా పాపా..."

నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నాయన నన్ను వెంటబెట్టుకుని అనంతపురం పోయి, పాతది ఇచ్చి కొత్తది తెచ్చాడు. అంగడాయన పాతదాన్ని చూడనైనా చూడకుండా బల్ల కిందికి తోశాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాయన చెయ్యి రెండు మూడుసార్లు మెడ దగ్గరికి పోయింది... అక్కడ ఏమీ లేదు.

అవ్వ గురించి చెప్పాలి. నాయనకు అమ్మ. చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖమంతా మచ్చలు. కొడుకు ఫోటోలు తీసేవాడైనా ఒక్కసారి కూడా కెమెరా ముందు నిలబడలేదు. "ఈ మొగాన్ని ఎవురు చూడాలప్పా," అనేది.

ఆ దసరాకు అవ్వ అరుగు మీద జొన్నలు చెరుగుతుంటే నేను చప్పుడు చేయకుండా కొత్త కెమెరాతో ఒకటి తీసి చూపించాను. ఆ చిన్న తెరను వేలితో తడిమింది.

"ఇది నేనా? మచ్చలు కనపల్లేదే!"

ఎంత నవ్విందో! కొత్త చీర కట్టుకొచ్చింది. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇంగోటి తీయే పాపా... ఇంగోటి..."

"కాగితం మీద ఎప్పుడిస్తావప్పా?" అని నాయనను అడిగింది. అనంతపురం పోయినప్పుడు కడిగిస్తానన్నాడు నాయన. నేను మధ్యలో దూరి అన్నాను... "కార్డులో ఉండాయి కదవ్వా, యాడికి పోతాయి?"

నెల తిరక్కుండానే ఒక రైతు ఫోటోకు పిలిచాడు. ఎన్నేళ్ళకో పంట చేతికొచ్చింది, కళ్ళంలో కాయల కుప్ప పక్కన నిలబడాలని ఆయన ఆశ. కాయలు నూర్చే మిషను ఆడుతోంది, దుమ్ము లేస్తోంది. కెమెరా లెన్సు గొట్టం సగం బయటికొచ్చి, కరకరమని ఆగిపోయింది. నాయన ఎప్పటిలాగే ఊదాడు, పంచె కొసతో తుడిచాడు. అది తెరుచుకోనూ లేదు, మూసుకోనూ లేదు.

అనంతపురంలో కొన్న అంగట్లోనే బాగుకు ఇచ్చాం. "పార్టు రాదన్నా. బాగు చేయించేదానికన్నా కొత్తది కొనేది మేలు." కార్డు కంప్యూటర్లో పెట్టి చూశాడు. "ఇదీ పోయిందన్నా. ఏం లేవు దీంట్లో."

"మా అమ్మ ఫోటోలుండాయప్పా... ఇంగోసారి చూడు."

నాయన మూడుసార్లు చూడమన్నాడు. ఆఖరున మెల్లగా అడిగాడు, "నా పాత కెమెరా ఉండాదా?"

"యాడిదన్నా... ఎవురో షోకేసులో పెట్టుకునేకి కొనుక్కపోయినారు."

అవ్వ మాత్రం, "పోతే పోనీలే, కొత్తదొచ్చినాక తీస్తువులే," అంది. శివరాత్రి దాటిన నాలుగో రోజు, పొయ్యి దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది.

ఆఖరి ఫోటోకు ఇంకో ఫోటోగ్రాఫరును పిలుస్తామన్నారు. అలాంటివి ఎన్ని తీశాడో లెక్కలేని నాయన చేతులు జోడించాడు. "వద్దప్పా... కండ్లు మూసుకున్న ఫోటో వద్దు."

దినాల నాడు పీట మీద ఫోటోకు బదులు అవ్వ చీర మడతపెట్టి పెట్టాం. బంధువుల్లో ఒకాయన అందరి ముందే అన్నాడు, "ఊరందరికీ ఫోటోలు తీసినావు. మీయమ్మది ఒకటి లేదా?"

నాయన తలెత్తలేదు. నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను. ఆ తర్వాత నాయన కెమెరా పట్టలేదు. కూలికి పోయాడు.

రెండేళ్ళకు పక్క ఊరి మరియమ్మ వచ్చింది. భర్త పోయాడట. ఇంట్లో పెళ్ళి ఫోటో చెదలు తినేసిందట. "మొగమే మర్సిపోతానేమోనని భయంగా ఉండాదన్నా."

నాయన మంచం కింద రేకు పెట్టె లాగాడు. అన్నీ పాత నెగెటివులు, ఊరి పేర్లు రాసిన కవర్లలో. ఒక్కొక్కటే కిటికీ వెలుగుకు పెట్టి చూసి, ఆమెది తీసి చేతిలో పెట్టాడు.

"కాగితం మీదే కడిగించుకోమ్మా. వాయిదా ఎయ్యొద్దు."

నన్ను మాత్రం ఆ రోజూ ఒక్క మాట అనలేదు. ఈ రోజుకీ అనలేదు. అనుంటే బాగుండేది...

ఇప్పుడు నా ఫోన్లో ఎన్ని వేల ఫోటోలున్నాయో నాకే తెలియదు. అవ్వను తలుచుకుంటే మాత్రం అవ్వ కూతురు, మా మేనత్త ముఖం వస్తోంది. మొన్న భయపడుతూ నాయనతో ఆ మాట చెప్పాను. "నాకూ అంతే పాపా," అన్నాడు.

మీ ఇంట్లో అవ్వదో తాతదో కాగితం ఫోటో ఉందా? ఉంటే కింద కామెంట్లలో పెట్టండి. ఎవరి అవ్వయినా సరే... చూస్తాను.