రిపేరు అడిగిన క్లెయిము

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన నాలుగో ఏట నన్ను భిలాయి బ్రాంచిలో క్లెయిముల అధికారిగా వేశారు. మోటారు, అగ్నిప్రమాదాల ఫైళ్ల మధ్య మొబైల్ ఫోన్ల బీమా ఫైళ్లు అప్పుడప్పుడే చేరుతున్నాయి.

మాది విజయనగరంలో పాత్రల కొట్టు. పాత ఇత్తడి తీసుకుని కొత్త స్టీలు ఇచ్చేవాళ్లం. "మా అత్తగారిచ్చిన బిందె బాబూ" అని ఎవరైనా కళ్లు తుడుచుకుంటే ఇంకాస్త ధర అడుగుతున్నారని అర్థం చేసుకోమనేవాడు నాన్న. నా ఉద్యోగ పాండిత్యమంతా అదే.

సెక్టర్ 7 నుంచి సత్యవతమ్మ అనే ఆవిడ తిరస్కరణ ఉత్తరంతో వచ్చింది. ఆమె భర్త ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు, గుండెపోటుతో పోయాడు. మూడో రోజున, ఇంటినిండా చుట్టాలుండగా, ఆయన ఫోను నీళ్ల బకెట్లో పడింది. నష్టాన్ని నలభై ఎనిమిది గంటల్లో తెలియజేయాలని పాలసీ షరతు. పెద్దకర్మ అయ్యేదాకా ఆమె గడప దాటలేదు. ఆలస్యం పేరుతో రాయపూర్ డివిజనల్ ఆఫీసు క్లెయిము కొట్టేసింది.

"నాకు డబ్బులొద్దు బాబూ. బాగు సేయించి ఇచ్చెయ్యండి, సాలు. అందులో మాయన మాటుంది. 'తలుపేసుకోయే, డూటీకెల్తన్నాను' అంటాడు. మా పిల్ల రికార్డు సేసింది."

నాకు ఇత్తడి బిందె గుర్తొచ్చింది. గట్టి బేరమే అనుకున్నాను.

పునఃపరిశీలనకు నోట్ రాసి, మరణ ధ్రువపత్రం జతచేశాను. ఫోనైనా చేసి చెప్పొచ్చు కదా అని రాయపూర్ మేనేజరు విసుక్కున్నాడు. "కౌన్‌సే ఫోన్ సే, సాబ్?" అన్నాను, ఏ ఫోనుతో చేస్తుందని. నవ్వాడు. నవ్వినవాడు సగం దిగొచ్చినట్టే.

క్లెయిము ఒప్పుకున్నారు. నేను అక్కడితో ఆగలేదు. రిపేరు అంచనా బీమా మొత్తానికి దగ్గరగా ఉంది. అలాంటప్పుడు రిపేరు ఖర్చు ఇవ్వొచ్చు, లేదా టోటల్ లాస్ కింద, అంటే పూర్తి నష్టంగా లెక్కగట్టి, బీమా మొత్తమంతా ఇవ్వొచ్చు. ఎక్కువ వచ్చేది రెండోదే కాబట్టి అదే రాయించాను. పూర్తి మొత్తం చెల్లిస్తే పాడైన వస్తువు కంపెనీది అవుతుంది. దాన్ని సాల్వేజి అంటాం; పోగేసి వేలం వేస్తాం. ఆ ఫారాల మీద సత్యవతమ్మ చేత సంతకాలు పెట్టించింది నేనే. సర్వీసు సెంటర్లో ఉన్న ఫోను అట్నుంచి అటే రాయపూర్ వెళ్లిపోయింది.

చెక్కు నేనే స్వయంగా వాళ్ల క్వార్టరుకు తీసుకెళ్లాను, మెచ్చుకుంటారని.

"మరి ఫోనెప్పుడిస్తారు?" అంది.

అది కంపెనీకి పోయిందని, కొత్తది కొనుక్కోమని చెప్పాను. ఆమె చెక్కు వైపు చూడలేదు.

"నానేటడిగాను బాబూ, నువ్వేటి తెచ్చావు?"

మర్నాడు రాయపూర్ వెళ్లాను. పాడైన ఫోన్ల లాటు అప్పటికే తుక్కు వ్యాపారికి అమ్మేశారు. అతని గోదాములో ఫోన్లన్నీ విప్పి బోర్డులు ఒక కుప్పగా, పైడొప్పలు ఒక కుప్పగా పోశారు. ఆయన ఫోను ఏదో పోల్చుకోవడానికి ఏ గుర్తూ మిగల్లేదు. తిరిగొచ్చి ఆమెతో అదే చెప్పాను. "పోన్లే బాబూ, టీ తాగెల్లు," అంది.

ఆ తర్వాత టోటల్ లాస్ రాసే ముందు, పాత వస్తువు తిరిగి రాదని చెప్పి, ఏది కావాలో అడిగి, వాళ్లన్న మాటను ఫైల్లో రాసుకునేవాణ్ని. ఎక్కువమంది డబ్బే కావాలన్నారు. అడగడానికి నిమిషం పట్టేది.