వదిన కొలిచిన బండ

పోయిన ఆదివారం పొద్దున అన్న ఫోన్ చేసి, "మీ వదిన పోయిందమ్మా" అన్నాడు. కిడ్నీల జబ్బుతో ఏడాదిగా దవాఖానకూ ఇంటికీ మధ్య తిరుగుతూనే ఉంది, కబురు అనుకోనిదేమీ కాదు. ఫోన్ పెట్టేశాక మాత్రం మా ఊరి గుట్ట మీది బండ కళ్ల ముందు నిలిచింది. ఆ బండ సంగతి వదిన బయటివాళ్లెవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు నేను చెప్పాలనిపిస్తోంది.

మా ఊరు చిట్యాలకూ భువనగిరికీ నడుమ ఉంటుంది. మంచి జాగాలన్నీ వేరేవాళ్లవి కావడంతో మా తాతలు ఎవరికీ అక్కర్లేని గుట్ట కింద గుడిసెలు వేసుకున్నారు. తర్వాత అవే ఇళ్లయ్యాయి, ఒక చిన్న చర్చి కూడా వచ్చింది. వాడకు సరిగ్గా పైన, ఇల్లంత బండ ఒకటి చిన్న రాళ్ల మీద ఆనుకొని ఉంటుంది.

వదిన ఎనభైల చివర్లో మా ఇంటికి కోడలిగా వచ్చింది. హైదరాబాదులో పటాలు గీసే ఆఫీసులో ఉద్యోగం, రోజూ భువనగిరి నుంచి రైలు. విమానం నుంచి తీసిన ఫోటోలను రెండేసి చొప్పున యంత్రంలో పెట్టి చూస్తూ నేల ఎత్తుపల్లాలు కొలవడం ఆమె పని. ఇంటికి రాగానే కళ్ల మీద తడి గుడ్డ వేసుకుని కూర్చునేది. ఏ లెక్క చెప్పినా ముందు "సుమారుగ" అనేది. నాయినకు అదొక నవ్వులాట. కూరలో ఉప్పు కూడా సుమారుగానే వేశావా అని ఆటపట్టించేవాడు.

తొంభైల్లో గుట్ట అవతల కంకర క్వారీ మొదలైంది. పేలుళ్లకు ఇంట్లో గిన్నెలు కదిలేవి. ఒక వానాకాలం పైనుంచి ఒక రాయి దొర్లి, మా పక్కింటి సాలమ్మ మేకల కొట్టాన్ని నేలమట్టం చేసింది. ఇక అందరి చూపూ పెద్ద బండ మీద పడింది. అధికారులు వచ్చి చూసి పోయారు. బండ తాతల నాటి నుంచి అట్లే ఉందని క్వారీవాళ్లు తేల్చేశారు. అప్పుడు వాడవాళ్లు వదిన దగ్గరికి వచ్చారు. ఫోటోలతో గుట్టలు కొలుస్తావు కదా, ఇది కదులుతోందో లేదో చెప్పమన్నారు.

ఆఫీసు కెమెరా బయటికివ్వరు. భువనగిరిలో ఒక స్టూడియో నుంచి కెమెరా కిరాయికి తెచ్చింది. బండ మీదా, చుట్టూ ఉన్న కదలని రాతి మీదా తెల్లరంగు చుక్కలు పెట్టించింది. ఎదురుగా ఉన్న మెట్ట చెలకలో రెండు చోట్ల గుర్తురాళ్లు పాతి, అక్కడి నుంచే వానలకు ముందొకసారి, తర్వాతొకసారి ఫోటోలు తీసింది. లెక్క వేస్తే బండ జానెడు ముందుకు జరిగినట్టు వచ్చింది. ఆ మాట ఎట్లాగో బయటికి పొక్కి, కొందరు మూటలు కట్టారు.

అయితే అదే లెక్కలో, ఏనాడూ కదలని గుట్ట అంచు కూడా కదిలినట్టు వచ్చింది. వదిన ఫోటోలన్నీ మళ్లీ ముందేసుకుని చూసింది. రెండోసారి కెమెరా కాస్త పక్కకు తిరగడంతో బండ ఫోటో అంచుకు వెళ్లింది. ఆ అంచుల్లో లెన్సు తిన్నని గీతలను వంచేస్తుంది. ఎంత వంచుతోందో తెలుసుకోవడానికి బడి గోడ ముందు పొడవాటి దారాలకు రాళ్లు కట్టి వేలాడదీసి ఫోటో తీసింది. నిటారు దారాలు అందులో విల్లులా వంగి కనబడ్డాయి. ఆ వంపును కొలిచి, ప్రతి చుక్క లెక్కనూ సరిచేసింది.

తర్వాత చుక్కల వంతు వచ్చింది. కొన్ని నీడలో పడ్డాయి, కొన్ని పెచ్చులూడే రాతి మీద ఉన్నాయి, కొన్నిటికి గడ్డి అడ్డొచ్చింది. ఎక్కువ కదిలినట్టు చూపేవి తీసేస్తే గొడవుండదని క్వారీ మనిషి ఒకాయన ఇంటికొచ్చి చెప్పాడు. తక్కువ చూపేవి తీసేస్తే సర్కారు వేరే జాగా ఇస్తుందని మా వాడ పిల్లగాళ్లు అన్నారు. వదిన ఇద్దరికీ ఒకే మాట చెప్పింది: "చుక్క ఎందుకు పనికిరాదో ఫోటోల కనబడాలె. లెక్క నచ్చలేదని తీసేస్తే అది కొలుసుడు కాదు."

చివరికి జానెడు కాస్తా రెండు వేళ్ల మందమైంది. ఆ కెమెరాతో పొరపాటు పడేందుకు ఉన్న అవకాశం కూడా ఇంచుమించు అంతే. చర్చి ముందు అందరినీ కూర్చోబెట్టి అదే చెప్పింది. కదిలిందా లేదా, ఒక్క మాట చెప్పమన్నారు.

"కదిలినట్టే అనిపిస్తాంది. గట్టిగ చెప్పలేను. నా పిల్లలనైతే ఇక్కడ పండుకోబెట్టను," అంది.

వాడలో సగం మంది ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. సర్కారు రోడ్డు పక్కన ఇచ్చిన జాగాలో నీళ్లు లేవు, నీడ లేదు. నాయిన కోడలి మాట కాదనలేక వచ్చాడు గానీ, రోజంతా పాత ఇంటి దిక్కే ముఖం పెట్టి కూర్చునేవాడు. ఒకరోజు వదిన అన్నం వడ్డిస్తుంటే మెల్లగా అన్నాడు: "బండ కదిలిందో లేదో గని బిడ్డా, నేనైతే కదిలిన." మరుసటి ఎండాకాలంలో నాయిన పోయాడు.

వదిన ప్రతి ఏడూ వానలు వెలిశాక వెళ్లి మళ్లీ ఫోటోలు తీసేది. బండ కదిలిన జాడ మళ్లీ కనబడలేదు. ఎవరూ అడగనప్పుడు చెప్పడమెందుకని అన్న వారించాడు. ఆమె వినకుండా అందరికీ చెప్పింది. అయితే అప్పుడు తప్పు చెప్పావా అని సాలమ్మ నిలదీసింది. అయ్యుండొచ్చు, తెలియదంది వదిన. సాలమ్మతో పాటు చాలామంది పాత ఇళ్లకు తిరిగిపోయారు. కొందరు ఆమెతో మాటలు మానేశారు, పెళ్లి పిలుపులు తగ్గాయి. క్వారీ తర్వాత మూతపడింది. బండ ఇప్పటికీ అక్కడే ఉంది.

నేను టీచరునయ్యాను. పిల్లలు అడిగినది రాకపోతే, రాదని చెప్పే ధైర్యం నాకు ఆమె దగ్గరే అబ్బింది. ఆ ధైర్యం ఆమెకెంత భారమైందో దవాఖానలో తెలిసింది. మంచం మీద పడుకొని ఉన్నట్టుండి అంది: "మామను ఆ ఇంట్లనే ఉండనిస్తే ఇంకొన్నేండ్లు బతుకుతుండెనేమో." నేను దుప్పటి సర్దాను.

వదినను మట్టి చేసేటప్పుడు సమాధుల జాగాలో సాలమ్మ దూరంగా నిలబడింది. ముసలిదైపోయింది. అందరూ కదిలాక వచ్చి పిడికెడు మట్టి వేసి, నా వైపు తిరిగింది.

"ఇప్పటికి గూడ గట్టి వానొస్తే మేం ఇంట్ల పండుకోం. మనుమలను తీస్కొని బడికి పోతం. మీ వదిన చెప్పిన కాన్నుంచి వానల నిద్ర లేదు మాకు."

అది నిష్ఠూరమో, మరొకటో నాకు అర్థం కాలేదు. అప్పటికే పడమట మబ్బు కమ్ముతోంది. సాలమ్మ ఒకసారి పైకి చూసి, కొంగు నెత్తిన వేసుకొని, చెప్పులు చేతపట్టుకొని, ఎర్రమట్టి బాటలో వాడ వైపు గబగబా నడిచింది.